పంచె కట్టుకున్న యోనా

నర్సీపట్నం వెళ్ళదలచుకున్నవారికి ముందుగా ఒక మాట. రైల్లో వెళ్ళేట్టయితే తునిలో దిగండి. నర్సీపట్నం రోడ్ అనే బోర్డు చూసి ముచ్చటపడి దిగిపోకండి. స్టేషను పేరు చివర రోడ్ అని ఉందంటే ఊరు అక్కడ లేదనీ, ఊరికి పోయే రోడ్డు మాత్రం ఉందనీ అర్థం. ఈ సంగతి నాకూ తెలుసు, మావారికీ తెలుసు. అయినా అక్కడే దిగాం. ఎందుకు దిగామో తరవాత చెబుతాను.

అసలు ఈ ప్రయాణం ఒక పంచె వల్ల వచ్చింది.

నేను కాకినాడలో డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. రిటైరయినవాళ్ళని ఏదో ఒక పిచ్చి పట్టుకోక మానదు. మావారిని ఉదయపు నడక పట్టుకుంది, నన్ను పాత అచ్చుబొమ్మలు పట్టుకున్నాయి. అందులోనూ ఒకే ఒక్క మనిషి. అయిదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఉండేవాడు. రాగిరేకు మీద సన్నటి గీతలు చెక్కి, సిరా పూసి, తుడిచి, తడి కాగితం మీద అచ్చు తీసేవాడు. అన్నీ గ్రీకు దేవతల కథలే: మేకకాళ్ళ మనుషులు, నీళ్ళలో ఆడే దేవకన్యలు, ప్రేమలో పడి పరువు పోగొట్టుకున్న దేవుళ్ళు. ఆయన పేరేమిటో ఎవరికీ తెలియదు. సంతకానికి బదులు బొమ్మలో ఏదో ఒక మూల చిన్న పిట్టని చెక్కి ఊరుకునేవాడు. నేను ఆయన్ని పిట్ట మాస్టారు అంటాను. మావారు మాత్రం మర్యాద లేకుండా "మీ పిట్టాయన" అంటారు.

ఒకరోజు నా పాత విద్యార్థిని సునీత ఫోనులో ఒక ఫోటో పంపింది. కాకినాడలో నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న పిల్ల, పెళ్ళయి నర్సీపట్నంలో స్థిరపడింది. ఫోటోలో ఒక పెద్ద చేప, దాని వీపు మీద కూర్చుని వీణలాంటిది వాయిస్తున్న యువకుడు, వెనక ఒక ఓడ. గీత చూడగానే పోల్చుకున్నాను. ఆ అలల వంపు పిట్ట మాస్టారిదే. కింద సునీత ఇలా రాసింది: "మా అత్తయ్యగారి బొమ్మ, టీచర్. యోనా. మీరు ఒకసారి వచ్చి చూడాలి. చాలా అవసరం."

యోనా అంటే బైబిలులో చేప మింగిన ప్రవక్త. ఇతను ఆయన కాడని నాకు తెలుసు. ఇతను గ్రీకు కథల్లో పాటగాడు. కానీ నన్ను పట్టి కుదిపింది అది కాదు. ఆ పాటగాడి నడుముకి తెల్లటి పంచె ఉంది, దానికి నీలం అంచు కూడా ఉంది. పిట్ట మాస్టారి మనుషులు బట్టలు కట్టుకోరు. అలాంటిది పంచె ఎలా వచ్చింది? నాలుగు రోజులు నిద్రపట్టలేదు. ఆఖరికి, మన కోస్తా నేత బట్ట సముద్ర వ్యాపారంలో ఇటలీ చేరిందనీ, ఆ మహానుభావుడు దాన్ని చూసి చెక్కాడనీ నాలుగు పేజీల వ్యాసం రాసి ఒక పత్రికకి పంపడానికి సిద్ధంగా పెట్టుకున్నాను.

మావారు ఆ వ్యాసం చదివి కళ్ళజోడు తీశారు. "పంచె ఎవరు కట్టారో ఆ ఇంటికెళ్ళి అడిగితే పోయేదానికి ఇటలీ దాకా ఎందుకు టీచరుగారూ?" అన్నారు.

అలా బయల్దేరాం, ఒక శనివారం పొద్దున్న విశాఖ వెళ్ళే పాసింజర్లో. డబ్బాలో ఇడ్లీ, సీసాలో కారప్పొడి, ఫ్లాస్కులో కాఫీ. అన్నవరం దాటేసరికి డబ్బా ఖాళీ అయింది. తునిలో మా ఎదురు సీటులోకి ఎలమంచిలి వెళ్ళే ఒకావిడ ఎక్కింది, ఒళ్ళో జీడిపప్పు సంచి. మేం నర్సీపట్నం అనగానే కంగారుపడింది.

"అయితే దిగిపోండి, బేగి దిగండి. ఇక్కడే బస్సు."

మావారు కదల్లేదు. మనవరాలికి ఏటికొప్పాక లక్కబొమ్మ తెస్తానని మాటిచ్చారట. ఏటికొప్పాక నర్సీపట్నం రోడ్ స్టేషనుకి దగ్గర. ఈ సంగతి రైలెక్కాక నాకు చెప్పారు. ఆవిడ మా ఇద్దర్నీ జాలిగా చూసింది.

"బొమ్మ కోసం దిగుతారు, బస్సు కోసం ఏడుత్తారు," అంది.

సరిగ్గా అదే జరిగింది. స్టేషనులో మాతో దిగినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. షేర్ ఆటోలో ఏటికొప్పాక వెళ్ళాం. ఒక ఇంటి వసారాలో తిరుగుతున్న కొయ్యకి లక్కబిళ్ళ ఆనిస్తూ రంగెక్కిస్తున్నారు. చూడముచ్చటగా ఉంది, చూడండి తప్పకుండా. మావారు మనవరాలికి బొంగరం కొని, అరచేతిలో ఇమిడే ఒక పసుపుపచ్చ పిట్టని కూడా కొన్నారు. "ఇది నీకు. మీ ఆయన సంతకం," అని తన జేబులోనే వేసుకున్నారు. మా ఆయన ఈయనే కదా అనుకున్నాను గానీ పైకి అనలేదు.

హైవే మీది అడ్డరోడ్డు కూడలిలో బస్సు కోసం ఎండలో నిలబడ్డాం. వచ్చిన బస్సులో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం కాబట్టి కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. మావారు కూడా అలవాటుగా చెయ్యి చాపారు.

"అమ్మగారికి సున్నా అండి. తవరికి మాత్రం ఉన్నాది," అన్నాడు కండక్టరు.

కోటవురట్ల దాటేదాకా మావారు తన టికెట్టునే తిప్పి తిప్పి చూసుకున్నారు. రెండు పక్కలా చెరకు తోటలు, మెట్ట మీద జీడిమామిడి తోపులు, దూరాన మన్యం కొండలు నీలంగా. పన్నెండు దాటాక నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సులో దిగాం. సునీత స్కూటీ మీద వచ్చి, మమ్మల్ని ఆటో ఎక్కించి, ముందు దారి చూపిస్తూ వెళ్ళింది.

మిషను చర్చి వెనక సందులో పెంకుటిల్లు. సునీత భర్త లారీ నడుపుతాడు, ఆ వారం ఒడిశా వెళ్ళాడు. అత్తగారు కరుణమ్మ గారు గుమ్మంలోనే నిలబడి ఉంది. పొట్టిగా, బలంగా, తెల్లచీర కొంగుని మెడ చుట్టూ మఫ్లరులా చుట్టుకుని. అంత ఎండలో ఆ కొంగెందుకో అప్పుడు నాకు తెలియలేదు.

"వచ్చీసినారా టీచరమ్మా. కాళ్ళు కడుక్కోండి. ముందు భోజనం, తరవాత యోనా," అంది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది.

భోజనంలో కొర్రమేను పులుసు. ముందు గదిలో సరిగ్గా ఆ బొమ్మ కిందే పీటలు వేశారు. మావారు రెండోసారి వడ్డించుకుంటూ, "మనిషిని మింగిన చేప కింద కూర్చుని చేపని మింగుతున్నాం," అన్నారు. కరుణమ్మ గారు నవ్వింది. నేను తినలేకపోయాను, కళ్ళు గోడ మీదే ఉన్నాయి. నల్ల చెక్క ఫ్రేము, లోపల చుట్టూ పసుపెక్కిన అట్ట అంచు, నడుమ బొమ్మ. అవే అలలు. అదే చేప, కోపంగా ఉన్న ముసలి జమీందారు మొహంతో. పంచె కూడా ఉంది.

చేతులు కడుక్కుని దగ్గరికి వెళ్ళాను. దగ్గరికి వెళితే తెలిసింది, ఆ పంచె బొమ్మలోది కాదు. మీద అతికించిన కాగితం ముక్క.

"అది మా అమ్మ కట్టింది," అంది కరుణమ్మ గారు. "మిషను దొరసానమ్మ ఎల్లిపోతా అమ్మకి ఈ బొమ్మ ఇచ్చిందంట. సూత్తే ఒంటి మీద నూలుపోగు నేదు. ఆడపిల్లలున్న ఇల్లు కదమ్మా. యోనా గారిని అలా ఎలా నిలబెడతాం? కాగితం కత్తిరించి, అన్నం మెతుకుతో అతికించి, పెన్నుతో అంచు గీసింది. అంచు నేకపోతే పంచె ఏటి, అందంట."

మావారికి దగ్గు వచ్చింది. బయటికి వెళ్ళి చాలాసేపు దగ్గారు. నా నాలుగు పేజీల వ్యాసం, సముద్ర వ్యాపారం, ఇటలీ రేవులు, అన్నీ ఒక్క అన్నం మెతుకుకి అతుక్కుపోయాయి.

తరవాత కరుణమ్మ గారు ఆ బొమ్మ గురించి చెప్పింది. ఆ ఇంట్లో ఎవరు ఆసుపత్రికి వెళ్ళినా బొమ్మ వెంట వెళుతుంది. మంచం తలవైపు పెడతారు. కాన్పులకి వెళ్ళింది, పాము కరిచినప్పుడు వెళ్ళింది, సునీత మొగుడికి కాలు విరిగినప్పుడు లారీలో అనకాపల్లి దాకా వెళ్ళింది. చేప కడుపులోంచి బయటికొచ్చిన మనిషి తోడుంటే తామూ బయటికొస్తామని వాళ్ళ నమ్మకం. ఆ మనిషి చేతిలో వీణ ఎందుకుందని అడిగితే, చేప కడుపులో యోనా చేసిన ప్రార్థన పాటే కదా అంది. నాకు ముచ్చటేసింది.

వంటింట్లో సునీత అసలు సంగతి బయటపెట్టింది. అత్తగారి మెడలో గడ్డ. థైరాయిడ్. ఆపరేషన్ చేయాలని విశాఖలో డాక్టరు చెప్పి రోజు కూడా ఇచ్చాడు. ఇంతలో కొత్తగా వచ్చిన పాస్టరుగారు ప్రార్థనకని ఇంటికొచ్చి, బొమ్మ చూసి, ఇది యోనా కాదేమో, ఏదో విగ్రహాల కథలా ఉందన్నారు. ఆవిడ ఆ రోజు నుంచీ ఆసుపత్రి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతోంది. ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేయించింది. మళ్ళీ మంగళవారానికి ఇచ్చారు. ఇదీ తప్పితే గడ్డ ఊపిరికి అడ్డం పడుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడట.

"మీ మాటంటే నమ్ముతారు టీచర్. యోనా యే అని ఒక్కమాట చెప్పేయండి. మిమ్మల్ని రమ్మన్నది అందుకే," అంది. కళ్ళలో నీళ్ళు.

నాకు కోపం రావాలి. పిట్ట మాస్టారిని వెతుక్కుంటూ వస్తే దొంగసాక్ష్యం చెప్పమంటోంది. కోపం రాలేదు, భయం వేసింది. సరేనన్నాను.

మర్నాడు ఆదివారం వాళ్ళతో చర్చికి వెళ్ళాం. కరుణమ్మ గారు ఆ చర్చిలో పాటలు మొదలుపెట్టే మనిషి అని అప్పుడు తెలిసింది. ఆవిడ ఎత్తుకోకపోతే మిగిలినవాళ్ళు ఎత్తుకోరు. ఆ రోజు ముందు బెంచీలో కూర్చుంది గానీ నోరు విప్పలేదు. హార్మోనియం రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది. ఆఖరికి ఎవరో అందుకున్నారు, శ్రుతి ఎక్కడో, పాట ఎక్కడో. పక్కనే కూర్చున్న నాకు ఆవిడ కొంగు చివర పట్టుకుని నలపడం కనిపించింది.

బయటికొచ్చాక పాస్టరుగారు మమ్మల్ని పలకరించారు. పాతికేళ్ళ కుర్రాడు, కొత్త బూట్లు.

"నాకు తెలిసింది చెప్పానండి. యోనాని చేప మింగింది, ఇతను మీద కూర్చున్నాడు. తప్పుగా అనలేదు. కానీ ఆవిడ ఆసుపత్రి మానేస్తారనుకోలేదు," అన్నారు. కొన్ని వారాలుగా ఆయనా సరిగ్గా నిద్రపోతున్నట్టు లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కరుణమ్మ గారు నా పక్కన చాప మీద కూర్చుంది. అడుగుతుందని తెలుసు. సునీత గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది.

"టీచరమ్మా, మీరు సదువుకున్నోరు. నాకు సావంటే బయం నేదు. ఇంట్లో అందరూ సావు గురించే అనుకుంటన్నారు. గొంతులో కత్తి పెట్టినాక పాట రాకపోవచ్చని డాక్టరు బాబు సెప్పినాడు. నూటికి ఒకరికో ఇద్దరికో అలా అవుద్దంట. ఆ ఒకర్ని నేనైతే? యోనా గారు ఒక పాట పాడినా పాటగాడు కాదు కదా, ఆయనకి నా బాద తెలుద్దా? ఇతను యోనా యేనా?"

అబద్ధం నాలుక చివరనే ఉంది. రాత్రంతా సానబెట్టి పెట్టుకున్నాను. కానీ ఆవిడ అడిగింది యోనా గురించి కాదని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యాక ఇంక అబద్ధం చెప్పలేకపోయాను.

"కాదండీ," అన్నాను. "ఇతను పాటగాడే."

గుమ్మంలో సునీత కళ్ళు మూసుకుంది. నేను ఆగకుండా చెప్పేశాను. గ్రీసు దేశంలో గొప్ప పాటగాడు. పందెంలో గెలిచి ఓడలో ఇంటికొస్తుంటే, ఓడవాళ్ళే అతని బహుమతుల మీద ఆశపడి చంపబోయారు. ఆఖరిసారి ఒక పాట పాడుకోనివ్వండి అని అడిగాడు. ఓడ అంచున నిలబడి పాడి, సముద్రంలోకి దూకాడు. ఆ పాట విని వచ్చిన చేప అతన్ని వీపు మీద మోసుకుపోయింది.

"పేరేటి?" అంది. చెప్పాను. రెండుసార్లు నోరు తిప్పడానికి చూసి వదిలేసింది. "పాటగాడు అందాం. అయితే పాడినాకే సేప వచ్చింది?"

"పాడాకే."

"మింగనేదు?"

"లేదు."

"మా యోనా గారి సేప కన్నా ఇదే మంచిది," అని కాసేపు బొమ్మవైపు చూసింది. "గట్టు సేరినాడా?"

"చేరాడు."

"మరి బొమ్మలో గట్టు నేదే? సిన్నప్పట్నుంచి సూత్తన్నాను. ఓడ ఉంది, నీల్లున్నాయి. గట్టు ఎక్కడా నేదు."

నేను లేచి చూశాను. నిజమే. చేప వెళుతున్న వైపున బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోతోంది. అలలు సగంలో తెగిపోయి ఆ పసుపు అట్ట కిందికి దూరాయి. పిట్ట కూడా ఎక్కడా లేదు. ఉంటే ఆ అట్ట కిందే ఉండాలి. నిన్నటి నుంచీ ఆ ఫ్రేము విప్పమని అడగాలని నా చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. ఇప్పుడు విప్పాలంటే ముందుకు రాలేదు. అట్ట కింద గట్టు లేకపోతే ఈ మనిషికి ఏం చెప్పాలి?

"కింద ఉండొచ్చు. లేకపోవచ్చు కూడా. విప్పితే గానీ తెలియదు," అన్నాను.

అమ్మ పోయినప్పట్నుంచీ ఆ ఫ్రేము ఎవరూ విప్పలేదట. గాజు పైన తుడవడమే. కరుణమ్మ గారు గోడ మీంచి బొమ్మని తనే దింపి చాప మీద బోర్లా పెట్టింది. మావారు చాకు మొనతో మేకులు ఒక్కొక్కటే వంచారు. వెనక అట్ట తీశాం, బొమ్మకి అంటుకుని ఉన్న ముందు అట్ట ఊడి వచ్చింది. కాగితం అంచు కనిపించింది.

గట్టు ఉంది. వేలెడంత వెడల్పున రాళ్ళు, గడ్డి, ఒక చిన్న చెట్టు. ఆ చెట్టు కింద రాతి మీద, గింజంత, తోక పైకెత్తి, పిట్ట మాస్టారి పిట్ట.

అన్నేళ్ళుగా ఆయన సంతకం ఈ ఇంట్లోనే, ఒక అట్ట కింద కూర్చుని ఉంది. కరుణమ్మ గారు వేలితో గట్టుని తాకింది. "ఉన్నాది," అంది మెల్లగా. "అమ్మ సూడకుండానే పోయింది."

తరవాత నా భూతద్దం తీశాను. తీయకుండా ఉండవలసింది. గీతలన్నీ చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. రాగిరేకు అచ్చులో చుక్కలుండవు. ఇది ఏదో పుస్తకంలోంచి కత్తిరించిన పేజీ. అసలు అచ్చు ఫోటోకి మళ్ళీ అచ్చు. ఇటలీ నుంచి నర్సీపట్నం దాకా వచ్చిన నిధి ఒక్క క్షణంలో కాగితమైంది. నా మొహం చూసి మావారు భూతద్దం తీసుకుని, చూసి, మెల్లగా నా సంచిలో పెట్టేశారు.

"ఏటయింది?" అంది కరుణమ్మ గారు.

"ఇది అసలుది కాదండీ. అచ్చుకి అచ్చు."

ఆవిడ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది. "మా బైబిలు మాత్రం ఏటి టీచరమ్మా, అచ్చేసిందే కదా," అంది. తరవాత కోడలివైపు తిరిగి, "నిలబడిపోనావేటి? బేగి బట్టలు సర్దు. రేపు పొద్దున్న బస్సుకే ఎల్దాం," అంది.

సునీత ఏడుస్తూ నవ్వింది. ఆ ముందు అట్టని కరుణమ్మ గారు మళ్ళీ పెట్టనివ్వలేదు. పంచె మాత్రం అలాగే ఉంచింది. పాటగాడైనా పంచె ఉండాల్సిందేనట.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. సంగతంతా విని, యోనా కాడని తాను చెప్పింది నిజమే అయినందుకు కొంచెం సంతోషించారు కూడా. ఆ సంతోషాన్ని కరుణమ్మ గారు ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

"నిజమే పాస్టరుగారూ. యోనా కాదు. పాట పాడీ మనిసి. మీ పాటలు పొద్దున్న విన్నాను. ఇతన్ని మీకే ఇచ్చీదాన్ని గానీ నాకు అవసరం," అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని ప్రార్థన చేశారు, చాలా బాగా చేశారు. వెళుతూ, బొమ్మకి మొక్కకండి, బొమ్మని చూసి పాడుకోండి అన్నారు. ఆవిడ సరేనంది.

సోమవారం పొద్దున్న ఏడున్నరకి విశాఖ బస్సు. మాకవరపాలెం, తాళ్ళపాలెం మీదుగా అనకాపల్లి. మేం నలుగురం, పాత చీరలో చుట్టిన బొమ్మ. ముగ్గురు ఆడవాళ్ళకీ సున్నా టికెట్లు. మావారు ఈసారి ఎవరూ అడగకముందే డబ్బు తీసి పట్టుకున్నారు. అనకాపల్లిలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి ఒకతను బెల్లం పెట్టిన వేరుశనగ ఉండలు అందించాడు. పక్క సీటులో రావికమతం ఊరి పెద్దాయన చీరలో చుట్టిన కట్ట చూసి, "ఏటి తల్లీ అది, అద్దమా?" అని అడిగాడు.

"మా సుట్టం," అంది కరుణమ్మ గారు.

ఆసుపత్రిలో చిక్కొచ్చిపడింది. వార్డులోకి గాజు ఫ్రేములు వద్దన్నారు. నర్సు మంచిదే, రూలు మార్చడం ఆమె చేతిలో లేదు. సునీత బతిమాలింది, నేనూ బతిమాలాను. కరుణమ్మ గారు మంచం మీద కూర్చుని చీరకట్టని ఒళ్ళో పెట్టుకుని వదలడం లేదు. మొహం మళ్ళీ ముడుచుకుపోతోంది.

అప్పుడు మావారు జేబులోంచి ఏటికొప్పాక పిట్టని తీశారు.

"అమ్మగారూ, బొమ్మ మా దగ్గర ఉంటుంది. ఇది పట్టుకోండి. గట్టు మీద కూర్చున్నది ఇదే," అన్నారు.

ఆవిడ ఆ పసుపుపచ్చ పిట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. నాది కదా అది, అడగనైనా లేదు ఆయన. ఆవిడ పిడికిలి మూసింది. చీరకట్ట నా చేతికిచ్చింది. అరవై ఏళ్ళు దాటిన నా మొగుణ్ణి చూసి ఆ రోజు నాకు గర్వం కలిగింది. ఆయనకి చెప్పలేదు, చెబితే భరించడం కష్టం.

మంగళవారం ఆపరేషన్ అయింది. మేం మావారి పిన్ని కొడుకు ఇంట్లో దిగి, ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాం. బుధవారం చూడనిచ్చారు. మెడకి కట్టు, నోరు విప్పకూడదట. కళ్ళతోనే పలకరించింది. డాక్టరు అంతా బాగా జరిగిందన్నాడు, గొంతు గురించి మాత్రం చూద్దాం అన్నాడు. పిట్ట దిండు పక్కన ఉంది. పట్టి పట్టి ఆవిడ అరచెయ్యి ఎర్రబడింది.

గురువారం మధ్యాహ్నం బొమ్మని సునీతకి అప్పగించి తిరుగు రైలెక్కాం. పాసింజరే, కిటికీ సీటు దొరికింది. నాలుగు పేజీల వ్యాసం ఏం చేస్తావని మావారు అడిగారు. పంచె చరిత్ర మార్చి రాస్తానన్నాను. నవ్వారు. ఎలమంచిలి దాటింది. నర్సీపట్నం రోడ్‌లో రైలు ఆగింది. మాలాంటి అమాయకులు ఇద్దరు ముగ్గురు దిగి ఊరెక్కడా అని చూసుకుంటున్నారు. అప్పుడే ఫోను మోగింది.

"డాక్టరుగారు నాలుగు మాటలు మాట్లాడొచ్చన్నారు టీచర్," అంది సునీత. "మొదటివి మీతోనేనంట."

స్పీకరు పెట్టాను. ముందు ఊపిరి వినిపించింది. తరవాత ఒక శబ్దం, గరగరలాడుతూ. ఆవిడ మాట్లాడటం లేదు, కూనిరాగం తీస్తోంది. ఏదో కీర్తన మొదటి వరస. సగం దాకా వచ్చి, పైకెక్కాల్సిన చోట ఆగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. నేను ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నాను. రైలు కదిలింది.

"టీచరమ్మా," అంది. ఆ గొంతు నేను విన్న గొంతు కాదు. "ఇంకా సేరనేదు. గట్టు అవుపిస్తన్నాది."

నాకు ఏడుపొచ్చింది. మావారు ఫోను దగ్గరికి వంగారు.

"మాకూ కనిపిస్తోందమ్మా," అన్నారు.